పేరుకోవడం

వెస్‌ప్రేమ్‌లో మా ప్రయోగశాల నేలమాళిగ
చలికాలం పది డిగ్రీలు, ఎండాకాలం పన్నెండు.
అక్కడ ఇరవై నాలుగు జాడీలు నా చేతికింద ఉండేవి.

అల్యూమినియం నైట్రేటు నీళ్లలోకి
అమ్మోనియా చుక్కచుక్కగా వదులుతుంటే
కళ్లు మండేవి. అడుగున ఏదో విరిగేది.
పాలు కాదు, జున్ను కాదు,
జ్వరమొచ్చినవాడికి కాచిన జావ లాంటిది.
వేలితో తాకితే వణికేది.
వణుకు ఆగాక కూడా
ఇంకా వణుకుతున్నట్టే ఉండేది.

"కలపకు, వేడిచెయ్యకు, తొందరపెట్టకు" అన్నాడు డాక్టర్ బార్కోసి.
"తల్లి ద్రావణంలోనే వదిలెయ్.
వారానికోసారి వెళ్లి చూడు. అంతే నీ ఉద్యోగం."
పందొమ్మిదేళ్ల దాన్ని.
చూడటానికి కూడా జీతమిస్తారని
అప్పటిదాకా తెలియదు.

గోరంత తీసి, ఆరబెట్టి, సన్నటి గాజుగొట్టంలో కూరి
ఎక్స్-రే ముందు రాత్రంతా ఉంచేదాన్ని.
తెల్లారి ఫిల్ము కడిగితే
మొదటి వారం ఒట్టి వరదగుడి,
చంద్రుడు లేని వరదగుడి.
మూడో వారం మసక పట్టీలు రెండు మూడు:
సూడోబోహ్మైటట,
పేరులోనే దొంగతనం ఒప్పుకున్న ఖనిజం.
నలభయ్యో రోజున సూదితో గీసినట్టు గీతలు, బేయరైటు.
సోడా ఎక్కువ పడ్డ జాడీల్లో
రెండో ఏటికి గిబ్సైటు.

ఎవరూ ఏమీ చెయ్యలేదు.
ఆ జావే ఒక్కో అణువుగా పక్కదాని భుజం తడుముకుని,
నడుమ ఇరుక్కున్న నీటిని
ఇక నువ్వు వెళ్లు అని సాగనంపి,
వరస కట్టింది.
పేరుకున్నాకే పేరు.

రాత్రి కాపలాకు వెండెల్ వచ్చేవాడు.
హలింబా గనిలో ఇరవై ఆరేళ్లు,
ఎడమచేతికి మూడు వేళ్లు,
మెడ ముడతల్లో ఎంత రుద్దినా దిగని ఎర్రమన్ను.
జాడీ ఎత్తి దీపానికి అడ్డంపెట్టి అడిగాడు:
"నేను సుత్తితో కొట్టిన రాయి
ఒకప్పుడు ఇంత మెత్తగా ఉండేదా?"
ఉండొచ్చన్నాను.
"మాకెవరూ చెప్పలేదే" అన్నాడు,
ఇరవై ఆరేళ్లూ ఎవరో మోసం చేసినట్టు.

పదిహేడో జాడీ మాత్రం పేరుకోలేదు.
నలభై రోజులు. నాలుగు వందల రోజులు.
ప్రతి ఫిల్ములోనూ అదే వరదగుడి.
డాక్టరు అమ్మోనియా సీసా మార్చాడు, నీళ్లు మార్చాడు,
నా చేతులు వాసన చూసినంత పనిచేశాడు.
చివరికి రిజిస్టరులో ఎర్రసిరాతో
"చెడింది" అని రాసి మూసేశాడు.

నాకు తెలుసు.
ఆ డిసెంబరులో టీ కప్పు పగిలితే
వెండెల్ అరలోంచి ఖాళీ జాడీ ఒకటి దించాడు.
నిమ్మకాయ కంటికి కనపడని రోజులు.
అందరిలాగే నిమ్మ ఉప్పు వేసుకుని,
దగ్గు తెరల మధ్య నల్లటి టీ తాగి,
ఒక్కసారి తొలిపి బోర్లించాడు.
అడుగున కరగని పలుకులు మిగిలే ఉంటాయి.
తొలపడం చూశాను. చాల్లే అనుకున్నాను.

నిమ్మ పులుపు అల్యూమినియం చెయ్యి పట్టుకుంటే
ఇక పక్కదాన్ని పట్టుకోనివ్వదని
చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను.
అప్పటికి డాక్టరు లేడు.
ముందే నోరు విప్పి ఉంటే
ఆయనకో మంచి పరిశోధన దొరికేది,
వెండెల్‌కు ఉద్యోగం పోయేది.
నాకు జీతమిచ్చింది చూడటానికే కదా.

వెండెల్‌ను మట్టిలో పెట్టినరోజు మంచు కురిసింది.
పారలు గడ్డకట్టిన నేల మీద ఖంగుమన్నాయి.
నేను ఆ జాడీనే తలుచుకున్నాను, ఎందుకో.

నా వేళ్ల కణుపులు ఇప్పుడు బిగుసుకుపోయాయి.
ఉద్యోగం చివరిరోజున గోడగడియారం ఇచ్చారు.
పదిహేడో జాడీ అడక్కుండా నేనే తెచ్చుకున్నాను.
వంటింటి కిటికీలో ఉంది, ఉప్పుడబ్బా పక్కన.
పొద్దున్నే మూత బిగుతు చూసి
ఒక్కసారి పక్కకు వంచుతాను.

కదులుతుంది, కొంచెం ఆలస్యంగా,
నిద్రలో పిలిస్తే
ఊ కొట్టినట్టు.